బాలింత కాని ఆమె

తెలుగులో కడుపుతో ఉన్నామెను చూలింత అంటాం, కన్నామెను బాలింత అంటాం. కడుపు తీయించుకున్నామెను ఏమంటాం? ఏమీ అనం. పేరు లేదు కాబట్టి పథ్యమూ లేదు, మంచమూ లేదు. మా ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ నడుస్తాయి, ఈ సంగతి వస్తే మాత్రం రెండిట్లోనూ గుసగుసే.

కిందటేడు మా చుట్టాల్లో ఒక వదిన రాయగడలో రైలెక్కి విజయనగరం వెళ్ళింది. పాపకి ఇంకా ఏడాది నిండలేదు, మళ్ళీ నెల తప్పింది. ఇక్కడైతే ఎవరైనా చూస్తారని అంత దూరం. అంతా చట్టప్రకారమే జరిగింది. ఇంటికొచ్చిన మర్నాడే వంట చేసింది. కాసేపు నడుం వాల్చబోతే ఇంట్లో పెద్దావిడ "నువ్వేటి బాలింతవా, మంచమెక్కడానికి?" అంది. వదిన నవ్వేసిందట. నాకు చెప్పేటప్పుడు నవ్వలేదు. (ఆమెని అడిగే ఇది రాస్తున్నాను.)

నేననేది, ఆమెకీ బాలింతకి జరిగినట్టే జరగాలని. రక్తం రెండు వారాల దాకా పోవచ్చు. హార్మోన్లు పడిపోతాయి, ఊరికే ఏడుపొస్తుంది, చిరాకొస్తుంది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకైతే అబార్షన్ తర్వాత ఆరు వారాలు జీతంతో సెలవు చట్టంలోనే ఉంది. మన ఇళ్ళు ఆరు గంటలివ్వవు.

అలాగని ఆమె ఏడవాల్సిందే అనడం లేదు. ఏడిస్తే "తప్పు చేసింది కదా" అంటారు, ఏడవకపోతే "రాతిగుండె" అంటారు, ఇదేం న్యాయం? వదినకి మొదట హాయిగానే అనిపించిందట. నెల తర్వాత మజ్జిగౌరి గుడికెళ్ళే ఆటోలో ఎవరి ఒళ్ళోనో పసిబిడ్డను చూసి దుఃఖం ఆగలేదట. రెండూ నిజమే. అమెరికాలో ఇలాంటి ఆడవాళ్ళని ఐదేళ్ళపాటు అడుగుతూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలోనూ ఎక్కువమంది చెప్పింది ఊరట గురించే. నలుగురూ ఏమనుకుంటారోనని భయపడినవాళ్ళే తర్వాత ఎక్కువ నలిగిపోయారు.

2021 సవరణ ప్రకారం ఆమె పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలు. వీధిలో చెప్పుకు తిరిగేవాళ్ళకి ఏమీ లేదు! ఆ పని మనం చేయకుండా ఉంటే అదే సగం వైద్యం. పెళ్ళికాని పిల్ల విషయంలో మరీను.

వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే టెలీ మానస్ 14416కి చేయొచ్చు. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. వదిన ఫోన్లో ఆ నంబరు "కరెంటాఫీసు" అని సేవ్ చేశాను, ఆ ఫోను ఇంట్లో అందరూ తీస్తారు మరి.