"అమ్మా, నువ్వేం ముట్టుకోకు"

మా తోడికోడలు రేపల్లెలో పిల్లలకి ఆన్‌లైన్‌లో హిందీ ట్యూషన్లు చెబుతుంది. నెల రోజులుగా ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే గొడవ. "అక్కా, కంప్యూటర్ ఆన్ చేసి వెళ్ళి పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా అది తిరుగుతూనే ఉంటోంది" అని. క్లాసు మధ్యలో ఆగిపోతోందని ఇద్దరు పిల్లలు మానేశారు కూడా. షాపులో చూపిస్తే పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. ఈ నెల చీటీ పాడేద్దామా అని ఆలోచిస్తోంది.

చీటీ మాట వినగానే ఉండబట్టలేక ఆదివారం రైలెక్కాను. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, మా తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. రైలు మాత్రం అదే.)

నాకేదో కంప్యూటర్ విద్య వచ్చని కాదు. నిరుడు మా ఇంట్లోనూ ఇదే కథ. బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతున్న మావాడికి ఫోన్ చేస్తే, "అమ్మా, నువ్వేం ముట్టుకోకు, సంక్రాంతికి వచ్చి చూస్తా" అన్నాడు. అప్పటికి దసరా కూడా రాలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా గ్యాస్ బండకి రెగ్యులేటర్ బిగిస్తున్నది నేను. దానికి లేని భయం దీనికెందుకు?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. లోపల ఏ ప్రోగ్రాం నడుస్తోంది, ఎంత మెమరీ తింటోంది అన్నీ చెబుతుంది. డేవ్ ప్లమర్ అనే మైక్రోసాఫ్ట్ ఉద్యోగి దీన్ని ఇంటి దగ్గర సొంతంగా రాసుకుంటే, కంపెనీ 1996లో విండోస్ ఎన్‌టీ 4.0లో చేర్చుకుంది. ఇంట్లో పుట్టిన వస్తువని తెలిశాక నాకు దాని మీద కాస్త అభిమానం కూడా కలిగింది.

కానీ తెరవగానే అది మనకి చూపించేది ప్రాసెసెస్ పేజీ. ఎన్నడూ వినని పేర్లు, పక్కన అంకెలు, ఒకటి పైకి ఒకటి కిందికి గెంతుతూ ఉంటాయి. అది చూసి భయపడి మూసేసే ఆడవాళ్ళే ఎక్కువ. నేనూ రెండుసార్లు మూసేశాను. ఏ పేజీ ముందు కనపడాలో నిర్ణయించినవాళ్ళు రేపల్లెలో హిందీ చెప్పుకునే మనిషిని తలుచుకుని నిర్ణయించలేదు. అది వాళ్ళ తప్పనను. మార్చుకునే వీలు ఇచ్చాక కూడా మార్చుకోకపోవడమే మన తప్పంటాను.

మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు. విండోస్ 11లో కింద ఎడమ పక్కన పళ్ళచక్రం బొమ్మ ఉంటుంది. నొక్కితే సెట్టింగ్స్. అందులో డిఫాల్ట్ స్టార్ట్ పేజ్ దగ్గర 'స్టార్టప్ యాప్స్' ఎంచుకోవాలి. విండోస్ 10 అయితే ముందు 'మోర్ డీటెయిల్స్' నొక్కి, ఆప్షన్స్‌లో 'సెట్ డిఫాల్ట్ టాబ్' వెతకాలి. ఇక ఎప్పుడు తెరిచినా, కంప్యూటర్‌తో పాటే నిద్రలేస్తున్న ప్రోగ్రాముల జాబితా ముందు కనిపిస్తుంది. అంకెల గెంతులు చూసి కళ్ళు తిరిగితే అప్‌డేట్ స్పీడ్ 'లో' అని పెట్టుకోండి, నాలుగు సెకన్లకోసారే మారతాయి.

మా తోడికోడలి జాబితా తెరిస్తే పదకొండు. మీటింగుల ప్రోగ్రాములు మూడు, పాటలది ఒకటి, ఎప్పుడో తీసేసిన ప్రింటర్ తాలూకుది ఒకటి, మా మరిది ఆడి వదిలేసిన ఆట ఒకటి. "ఇవన్నీ ఎవరు పెట్టారక్కా?" అంది. ఎవరూ పెట్టలేదు, వేసుకున్నప్పుడు వాటంతటవే చేరాయి, మనం చూడలేదు. రైట్ క్లిక్ చేసి ఏడింటిని డిసేబుల్ చేయించాను, మౌస్ ఆమె చేతిలోనే ఉంచి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రాం పోదు, పిలిచినప్పుడే వస్తుంది, అంతే. యాంటీవైరస్ జోలికి మాత్రం పోలేదు. ప్రాసెసెస్ పేజీలో తెలియని పేరు మీద 'ఎండ్ టాస్క్' కూడా నొక్కొద్దన్నాను. మావాడి భయంలో ఆ మాత్రం నిజం ఉంది.

వాడితో నాకు పేచీ వేరే చోట. డిఫాల్ట్‌గా ఉన్నవి తెలిసినవాళ్ళు పెట్టినవి, కదపకూడదు అంటాడు. టీవీ రిమోట్ దగ్గర్నుంచి బ్యాంకు యాప్ దాకా మన ఇళ్ళల్లో జరిగేది ఇదే. వాడేది మనం, సెట్టింగులు మాత్రం ఇంకొకరివి. వాళ్ళు ఊళ్ళో లేకపోతే పని ఆగిపోవాలి. ఇద్దరు పిల్లలు మానేస్తే పోయిన ఫీజు ఎవరిస్తారు? సంక్రాంతికి వచ్చేవాళ్ళు ఇవ్వరు కదా.

ఇంతచేసీ ఆ కంప్యూటర్ గుర్రమైపోలేదు. 4 జీబీ ర్యామ్‌ది. బ్రౌజర్‌లో ఇరవై టాబులు తెరిస్తే ఇప్పటికీ మూలుగుతుంది, మెమరీ కాలమ్ మీద నొక్కి చూస్తే బ్రౌజరే పైన కూర్చుంది. క్లాసుకి ముందు అవి మూసుకోమన్నాను. ర్యామ్ పెంచే వీలుంటే ఎంతవుతుందో షాపులో అడగమన్నాను, కొత్తది కొనేముందు.

మొన్న ఫోన్ చేసింది. క్లాసులు ఆగకుండా నడుస్తున్నాయట. మానేసిన వాళ్ళలో ఒక పాప తిరిగొచ్చింది. చీటీ ఈ నెల పాడలేదు.