కొలిమీ, దీపమూ

మన తెలుగువాళ్ళు మాటల దగ్గర ఎంత పొదుపరులో తెలుసుకోవాలంటే "గాజు" అన్న ఒక్క మాట చాలు. కిటికీకి బిగించే పలకా గాజే, ఆడవాళ్ళ చేతికి తొడిగేదీ గాజే. తులాల లెక్కన బంగారం పోసి చేయించినా వాటిని బంగారు గాజులనే అంటాం. చార్మినారు పక్కన లాడ్ బజారులో లక్క కరిగించి, రాళ్ళు పొదిగి చేసినవి లక్క గాజులు. వాటి ఒంట్లో వీసమెత్తు గాజు లేకపోయినా పేరు మాత్రం అదే. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనక నాకు తోచేదేమంటే, మన ఆడపడుచుల చేతికి మొదటి హక్కుదారు గాజేననీ, బంగారం తరవాత వచ్చి ఆ పేరు ఎరువు పుచ్చుకున్నదనీ.

అసలు హక్కుదారును మనం "మట్టిగాజు" అంటాం. చులకనగా అన్నా, అది శాస్త్రానికి దూరం కాదు. గాజులో చాలా భాగం ఇసుకే. దానికి సోడా బూడిద, సున్నపురాయి కలిపి సుమారు 1,400 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. సీమంతానికి పేరంటాళ్ళు తొడిగే పచ్చగాజులూ, వరలక్ష్మీ వ్రతానికి పళ్ళెంలో పెట్టే ఎర్రగాజులూ ఎక్కువ భాగం ఒకే ఊరు నుంచి వస్తాయి. ఆ ఊరు ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రాకు సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఫిరోజాబాద్.

గాజు ఎట్లా తయారవుతుందో చాలామందికి తెలియదు. కరిగిన గాజుముద్దను ఇనుపకడ్డీతో తీసి, తిరుగుతున్న ఒక రూలుమీదికి తీగలా సాగదీస్తారు. అది దారపుకండెలా వరసగా చుట్టుకుంటుంది. ఆ చుట్టను నిలువునా కోస్తే విడివిడి వలయాలు వస్తాయి. అయితే ప్రతి వలయానికీ నోరు తెరుచుకునే ఉంటుంది, కొసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇంతవరకే కర్మాగారం పని. అక్కణ్ణుంచి ఆ వలయాలు కట్టలు కట్టలుగా సందుల్లోని ఇళ్ళకు పోతాయి. అక్కడ ఆడా మగా నేలమీద కూర్చుని, చిన్న దీపపు మంట ముందు ఒక్కొక్క వలయాన్ని వేడిచేసి సాపు చేస్తారు. దాన్ని వాళ్ళు "సధాయి" అంటారు. తరవాత రెండు కొసలూ మంటలో మెత్తబరచి అతుకుతారు. అది "జుడాయి". కూలి రోజుకింత అని కాదు, కట్టకింత అని.

అంచేత ఈ పరిశ్రమకు రెండు మంటలున్నాయి. ఒకటి కర్మాగారంలోని కొలిమి, రెండోది ఇంట్లోని దీపం. నేను చెప్పదలచిన మాట ఈ రెండింటి సంగతే.

కొలిమి గొప్ప పంతగత్తె. ఒకసారి రాజేస్తే రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. గిరాకీ లేదు గదా, నాలుగురోజులు ఆర్పుదామంటే కుదరదు. తొట్టిలోని గాజు గడ్డకడుతుంది, లోపలి ఇటుకలు బీటలు వారతాయి, మళ్ళీ వేడెక్కించడానికి రోజులు పడుతుంది. అంచేత సరుకు అమ్ముడైనా కాకపోయినా కొలిమికి మేత వెయ్యాల్సిందే. దీపం అట్లా కాదు. దాన్ని ఎప్పుడైనా ఆర్పవచ్చు. ఆర్పినందువల్ల ఏ ఇటుకా పగలదు. లెక్కలపుస్తకంలో ఏ నష్టమూ కనపడదు.

లోకంలో ఏ ఉపద్రవం వచ్చినా ఈ ఊరి గాజును తాకకుండా పోలేదు. మొదటిది మాత్రం మేలే చేసింది. ఒకప్పుడు మన దేశంలో అమ్మే గాజులు చాలావరకు ఆస్ట్రియా - హంగరీ సామ్రాజ్యంలోని బొహీమియా నుంచి ఓడల్లో వచ్చేవి. 1914లో యుద్ధం వచ్చి ఆ సరుకు ఆగిపోయింది. ఫిరోజాబాద్ కొలుములకు అదే అదనయింది.

రెండోది తాజ్‌మహల్ రూపంలో వచ్చింది. బొగ్గుపొగలోని గంధకం గాలిలో తేమతో కలిసి ఆమ్లమై తెల్లని చలువరాతిని పసుపుపచ్చ చేస్తున్నదని న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 డిసెంబరు 30న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఫైజానుద్దీన్ తీర్పు చెప్పారు. తాజ్ చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్ల మేర రక్షణమండలం. ఆ తీర్పులో లెక్కకు వచ్చిన 292 ఆగ్రా పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకు మారాలి, లేదా అక్కణ్ణుంచి తరలిపోవాలి. ఫిరోజాబాద్ కూడా ఆ మండలంలోనిదే. హజీరా నుంచి వచ్చే పెద్ద గొట్టం నుంచి గెయిల్ సంస్థ ఆ ఊరికీ వాయువు తెచ్చింది. కొలుములు బొగ్గు మానుకున్నాయి.

ఆ తీర్పు మంచిదే. తాజ్‌నీ కాపాడింది, ఊరి ఊపిరితిత్తులకూ కొంత ఊరట ఇచ్చింది. న్యాయమూర్తులు కార్మికులనూ మరవలేదు. తరలిపోయే కర్మాగారం మూతపడి మళ్ళీ తెరిచేదాకా గడిచే కాలాన్ని ఉద్యోగకాలంగానే లెక్కించి పూర్తి జీతం ఇవ్వాలన్నారు. ఎంతో దయగల మాట. కాని ఆ దయ అందాలంటే కర్మాగారం హాజరుపట్టీలో పేరుండాలి. దీపం ముందు కూర్చున్న ఇల్లాలి పేరు ఏ పట్టీలో ఉంటుంది? ఆమెకు యజమాని ఎవరని అడిగితే, కట్టలు తెచ్చి ఇచ్చి పట్టుకుపోయే మనిషిని చూపిస్తుంది.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడూ ఇదే వరస. చేతికి చెయ్యి మార్చి నడిచే కూలికి నోటే ఆధారం. బ్యాంకు ఖాతా ఉన్నవాడు వరసలో నిలబడ్డాడు. కట్టకింత అని పుచ్చుకునేవాళ్ళకు, ఇచ్చేవాడి దగ్గర నోటు ఉంటేనే కూలి.

2020 మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకున్నది. అది సరిగ్గా పెళ్ళిళ్ళకు ముందు రోజులు. పెళ్ళి లేకపోతే గాజుల మాట ఎవరికి? ఆ మూసివేత ఉత్తర్వును నేను తీరిగ్గా చదివాను. అందులో ఒక మినహాయింపు ఉన్నది. ఎడతెగక నడవవలసిన ఉత్పత్తి కేంద్రాలు రాష్ట్రప్రభుత్వం అనుమతి తీసుకుని నడపవచ్చు అని. రాసినవారు తెలివైనవారు. మంట ఆరితే మళ్ళీ రాజుకోవడం కష్టమయ్యే పరిశ్రమలుంటాయని వారికి తెలుసు. అయితే మనిషి కడుపులోని మంట కూడా ఎడతెగనిదే గదా! దానికి మినహాయింపు ఏ వాక్యంలోనూ నాకు కనపడలేదు. బియ్యం, గోధుమలు ఉచితంగా ఇచ్చారు, నిజమే. అది ఆకలికి చేసిన సాయం. పోయిన పనికి బదులు మాత్రం కాదు.

ఆ దెబ్బ మానకముందే 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. ప్రపంచమంతటా వాయువు ధరలు మండిపోయాయి. మన దేశంలో పాత క్షేత్రాల వాయువుకు ప్రభుత్వం కట్టే ధర 2021 అక్టోబరులో యూనిట్‌కు 2.90 డాలర్లు. 2022 ఏప్రిల్లో అది 6.10 అయింది, అక్టోబరుకు 8.57. ఏడాదిలో దాదాపు మూడింతలు. 2023 ఏప్రిల్లో కేంద్రం లెక్క మార్చి 6.50 డాలర్ల హద్దు పెట్టింది. ఒక ఊరంతా ఒకే ఇంధనం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఎక్కడో నల్లసముద్రం ఒడ్డున పేలిన తూటా ఇక్కడ గాజు ధరలో వినిపిస్తుంది.

ఇక్కడ కర్మాగారందారుల పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. బొగ్గుకు వెనక్కు పోవడానికి వీల్లేదు. వాయువు ధర వారి చేతిలో లేదు. కొలిమి ఆర్పడానికి లేదు. ధర పెంచుదామంటే ప్లాస్టిక్ గాజులూ, లోహపు గాజులూ పక్కనే నిలబడి నవ్వుతున్నాయి. ఇక తగ్గించడానికి మిగిలిందేమిటి? కట్టకు ఇచ్చే కూలి. కూలి తగ్గిస్తే ఇంట్లో దీపం ముందుకు మరో జత చేతులు వచ్చి చేరాలి. ఆ చేతులు బడికి పోవలసిన పిల్లవి కావచ్చు. అట్లా పైనుంచి జారిన భారం మెట్టుమెట్టూ దిగి, ఇంక దిగడానికి మెట్టు లేనిచోట ఆగుతుంది.

ఈ బేరంలో మనమూ ఉన్నాం. నగలకొట్లో తరుగు ఎంత వేస్తే అంతా ఇచ్చి నోరు మెదపకుండా వచ్చేవాళ్ళం, గాజుల దుకాణం ముందు మాత్రం డజనుకు అయిదు రూపాయలు తగ్గించమని అరగంట నిలబడతాం. ఆ అయిదు రూపాయలు దుకాణందారు జేబులోంచి వస్తాయని మన నమ్మకం.

1996 అన్నాను గదా! అదే ఏడాది జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇంటివద్ద కూర్చుని కూలికి పనిచేసేవారిని తక్కిన కార్మికులతో సమానంగా చూడాలని 177వ ఒడంబడిక చేసింది. దాన్ని ఆమోదించిన దేశాల పట్టికలో మన పేరు లేదు. మనకు 2008లో అసంఘటిత కార్మికుల చట్టం వచ్చింది. ఇంటివద్ద పనిచేసే కార్మికుడంటే ఎవరో అందులో నిర్వచనం చెప్పారు. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పేరుతో ఇటువంటివారి పట్టిక మొదలుపెట్టి, పేరు రాయించుకున్నవారికి 12 అంకెల సంఖ్య ఇస్తున్నారు. ఇవన్నీ మంచి అడుగులే. నిర్వచనాలతో కాలక్షేపం చేసే ఉద్యోగం నాది గనక వాటి విలువ తెలుసు, హద్దూ తెలుసు. మాటకు అర్థం చెప్పినంత మాత్రాన మనిషికి అన్నం పెట్టినట్టు కాదు. కొలిమి ఆగకుండా చూసే ఉత్తర్వు ఒక్క రాత్రిలో రాయగలిగినవాళ్ళం, పని ఆగిన నెలలో ఈ 12 అంకెల మనిషికి సగం కూలైనా ముట్టే ఏర్పాటు చెయ్యలేమా? కోర్టు కొలిమికి వాయువు ఇప్పించింది. ఆ గొట్టాన్ని మరికొంచెం సందుల్లోకి పొడిగించినట్టే, ఆ తీర్పులోని దయను కూడా సందుల్లోకి పొడిగించవచ్చు.

మన ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని అనరు. అపశకునమని, "కొండెక్కింది" అంటారు. చాలా సుకుమారమైన మాట. అయితే ఫిరోజాబాద్ సందుల్లో కూలి లేక ఆగిన దీపానికి ఆ మాట నప్పదు. అది ఏ కొండా ఎక్కదు. ఆరిపోతుంది, అంతే.