మడత చాకుకూ గ్యారంటీ ఉంటుంది

ఆఫీసుల్లో గుమస్తా పని చేసే మా దగ్గరికి ఎక్కువగా ఇకామా, జీతం, సెలవు గోడులే వస్తాయి. ఈమధ్య మడత చాకుల గొడవలు మూడు వచ్చాయి. వస్తువు చిన్నదే. కానీ వైరు తొడుగు ఒలిచే ఎలక్ట్రీషియనుకైనా, స్టోరులో కార్టన్లు కోసే తమ్ముడికైనా అది రోజూ జేబులో ఉండాల్సిన పనిముట్టు. మంచిది కొనాలంటే రెండు మూడు రోజుల కూలి పోతుంది.

మొదటిది ఒక ఎలక్ట్రీషియన్ అన్నది. కొన్న ఎనిమిది నెలలకు చాకు స్ప్రింగు విరిగింది. కొట్టుకు తీసుకుపోతే సేల్స్‌మన్ దాన్ని చేతిలోకైనా తీసుకోకుండా "మాఫీ దమాన్" అన్నాడు. గ్యారంటీ లేదు పొమ్మని. "అరబ్బీ రాదు, గట్టిగా అడిగితే ఏం మీదికొస్తుందో" అని అన్న తిరిగి వచ్చేశాడు. నయం, బిల్లు పెట్టెలో దాచాడు. బిల్లుకూ, విరిగిన చోటుకూ ఫోటోలు తీసి మేము నేరుగా చాకు కంపెనీకే ఈమెయిల్ రాశాం. ఏ మోడల్, ఎప్పుడు కొన్నది, ఏం విరిగింది, ఏం కోరుతున్నాం. నాలుగే ముక్కలు. తిట్టలేదు, బతిమాలలేదు. పది రోజులకు జవాబొచ్చింది. ఏజెంటు దగ్గర ఇమ్మన్నారు, ఒక్క హలాలా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చారు.

రెండోది ఒక తమ్ముడిది. శుక్రవారం బత్హా జనంలో, ఫుట్‌పాత్ మీద 25 రియాళ్లకు కొన్నాడు. పిడి మీద పెద్ద కంపెనీ గుర్తు ఉంది. వారానికే పిడి ఊడింది. ఫోటో పంపితే "ఇది మా సరుకు కాదు" అన్నారు. వాళ్లను ఏమంటాం? బిల్లూ లేదు, అమ్మినవాడు మళ్లీ కనబడనూ లేదు.

మూడో ఆయన చాకు మొనతో స్క్రూ తిప్పబోయి విరగ్గొట్టాడు. ఉచితంగా కుదరదు, డబ్బిస్తే బాగుచేస్తామన్నారు. అదీ న్యాయమే.

గ్యారంటీ అంటే ఏమిటో తెలియాలంటే విక్టోరినాక్స్ మాట చూడండి. స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్ ఊళ్లో 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన చాకుల పని మొదలుపెట్టాడు. మన ఊళ్లలాగే అక్కడా పనిలేక జనం దేశాలు పట్టిపోయే రోజులవి. ఊరివాళ్లకు ఊళ్లోనే పని చూపాలన్నది ఆయన తాపత్రయం. 1891లో సైన్యానికి చాకులు ఇచ్చాడు, 1897లో ఆఫీసర్ల చాకు తెచ్చాడు. తల్లి పేరు విక్టోరియాకు తుప్పుపట్టని ఉక్కు పేరు ఇనాక్స్ కలిస్తే విక్టోరినాక్స్ అయింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాల్లోకి చాకులు బందు చేయడంతో అమ్మకాలు బాగా పడిపోయాయి. అయినా పనివాళ్లను తీసేయలేదు. కొందరిని కొన్నాళ్లు వేరే కంపెనీల్లో పనికి పంపి నిలబెట్టుకున్నారు. ఆ చాకు ఉక్కులో, తయారీలో లోపముంటే గ్యారంటీకి గడువు లేదు. వాడి వాడి అరిగితే, తప్పుగా వాడి విరగ్గొడితే మాత్రం వర్తించదు.

కాబట్టి సోదరులారా, కొనేటప్పుడే బిల్లు, అంటే ఫాతూరా, అడగండి. 2020 జూలై నుంచి 15 శాతం వ్యాట్ మన జేబులోంచే పోతోంది. బిల్లు వాళ్లు పెట్టే భిక్ష కాదు. బిల్లు మీద కొట్టు పేరు, తేదీ, వ్యాట్ నంబరు ఉన్నాయా చూడండి. ఆ కాగితం మీది అచ్చు ఎండకు, వేడికి చెరిగిపోతుంది. ఆరోజే ఫోనులో ఫోటో తీసుకోండి. చాకు రేకు మొదట్లో కంపెనీ పేరు చెక్కి ఉందా, గోకితే పోయే రంగా అన్నదీ చూసుకోండి.

కొట్టువాడు మాట వినకపోతే వాణిజ్య మంత్రిత్వ శాఖ నంబరు 1900కి ఫిర్యాదు చేయవచ్చు. నకిలీ సరుకు అమ్మడం ఇక్కడ నేరం. చాలాసార్లు, బిల్లు చేతిలో పట్టుకుని ఆ నంబరు పేరెత్తితేనే కొట్టువాడి గొంతు మారుతుంది. ఆ ఎలక్ట్రీషియన్ అన్న మొదటిరోజే ఆ మాట అని ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదేమో.

సెలవుపై ఇంటికి పోయేవాళ్లకు ఒక మాట. చాకును చేతి సంచిలో పెట్టకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. లగేజీలో వేసే పెట్టెలోనే పెట్టండి. ఉత్తరం రాయడం రాదని ఎవరూ నష్టాన్ని మింగి ఊరుకోవద్దు. శుక్రవారం సాయంత్రం బిల్లు, విరిగిన వస్తువు పట్టుకుని మెస్ దగ్గరికి రండి, రాసి పెడతాం.