కరెంటు పోయిన రాత్రి చేపలకు దిక్కెవరు?

మన విద్యార్థి సంఘం ఈ సంవత్సరం జంతుశాస్త్ర విభాగం వరండాలో ఒక పెద్ద అక్వేరియం పెట్టించాలని సంకల్పించిందని విని, పూర్వ విద్యార్థిగా నేనూ సంతోషించాను. చందా కూడా ఇచ్చాను. చందా ఇచ్చినవాడికి ఒక మాట చెప్పే హక్కు ఉంటుంది గదా! అద్దాల తొట్టి కొనడం సులువు. రంగు చేపలు కొనడం మరీ సులువు. కాని తుపాను వచ్చి కరెంటు పోయిన రాత్రి ఆ చేపలకు దిక్కెవరో తేల్చుకోకుండా మాత్రం కొనకండి. ఇదే నా మనవి.

"తుపాను రోజున మనుషులకే దిక్కుండదు, మధ్యన ఈ చేపల గోలేమిటండీ!" అని మీరనవచ్చు. 1977 నాటి దివిసీమ ఉప్పెన కథలు విని పెరిగిన కోస్తావాళ్లం మనం. ఆ మాట ముందు చేపల ఊసెత్తడానికి నాకూ సంకోచంగానే ఉంది. అయినా ఎత్తుతున్నాను. ఏటిలోని చేప తన దారి తాను చూసుకుంటుంది. మనం తెచ్చి అద్దాల మధ్య పెట్టిన చేపకు వేరే దారి లేదు. దాని దారి మనమే.

నేను ఈ కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పటి మాట. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. ఊళ్లో ఉన్నవాళ్లకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. చెట్లు, కరెంటు స్తంభాలు ఎక్కడికక్కడ కూలిపోయాయి. మోటార్లు ఆడక కుళాయిలు ఎండిపోయాయి. పాలకూ నీళ్లకూ పెట్రోలుకూ బారులు తీరాం. మా వీధికి కరెంటు వచ్చింది ఆరో రోజున.

మా ఇంట్లో మూడడుగుల తొట్టి ఒకటుండేది. అందులో ఏడు గోల్డ్ ఫిష్‌లు, రెండు గౌరామీలు. ఆ తొట్టికి అన్ని చేపలు ఎక్కువని నాకు తెలియదు. గాలి మోటారు బుడబుడమంటున్నంతకాలం తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఆ రాత్రి మోటారు ఆగింది. తెల్లవారుజామున కొవ్వొత్తి పట్టుకుని చూస్తే, గోల్డ్ ఫిష్‌లన్నీ నీటిపైకి చేరి నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

అదృష్టవశాత్తూ మా తాతయ్య అప్పుడు ఇంట్లోనే ఉన్నారు. భీమవరం ప్రాంతంలో చేపల చెరువుల మీద బతికిన మనిషి. ఆయన హడావుడి పడలేదు. "ఒరేయ్, ముందు ఆ మూత తియ్యి. చెంబు తెచ్చుకుని అందులో నీళ్లే అందులో పొయ్యి. కాస్త ఎత్తునుంచి పొయ్యి" అన్నారు. పావుగంట పోశాను. చేపలు మెల్లగా కిందికి దిగాయి. చేయి నొప్పెట్టిందిగాని, నా ప్రాణం లేచివచ్చింది.

ఇందులో మంత్రమేమీ లేదు. గాలిలోని ఆక్సిజన్ నీటి పైభాగం గుండా లోపలికి కరుగుతుంది. మోటారు బుడగలు చేసే ముఖ్యమైన పని ఆ పైనీటిని కదపడమే. ఆ పని చెంబూ చేయగలదు. నీరు వేడెక్కేకొద్దీ దానిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములుంటే, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నరే. రాత్రి చీకట్లో నీటిమొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వకపోగా వాడుకుంటాయి. అంచేత చేపకు గండం తెల్లవారుజామునే. చెరువు రైతుకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. గౌరామీలకు మాత్రం ఏమీ కాలేదు. వాటికి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటుంది, మన కొరమీనుకు ఉన్నట్టే.

ఆనాటినుంచి ఇంటిల్లిపాదీ వంతులు వేసుకున్నాం. అమ్మ పది గంటలకు, నాన్న ఒంటిగంటకు, నేను నాలుగింటికి. నీళ్లు మార్చే ప్రసక్తే లేదు, వంటకే నీళ్లు లేవు. మేం తిప్పిపోసింది ఆ తొట్టి నీళ్లనే. చేపల కోసం మనుషుల నోటి దగ్గర చుక్క కూడా తియ్యలేదు.

ఇంత చేసీ మూడో రోజున నేనొక తెలివితక్కువ పని చేశాను. పాపం, ఆకలితో ఉన్నాయేమోనని జాలిపడి గుప్పెడు మేత వేశాను. మర్నాటికి నీళ్లు మసకబారాయి. రెండు గోల్డ్ ఫిష్‌లు వెల్లకిలా తేలాయి. తాతయ్య తిట్టలేదు. "ఆరోగ్యంగా ఉన్న చేప వారం రోజులు పస్తుంటుందిరా. గాలి లేకుండా పూట కూడా ఉండలేదు" అన్నారంతే. తిన్న మేతనుంచీ మిగిలిన మేతనుంచీ పుట్టే అమ్మోనియాను విరిచేది ఫిల్టరులోని బాక్టీరియా. వాటికీ ఆక్సిజనే ఆధారం. అవి నీరసించిన వేళ మేత వేయడమంటే విషం వేయడమేనని తర్వాత చదువుకుని తెలుసుకున్నాను.

ఎదురింటి మాస్టారిది ఇంకా విచారకరమైన కథ. ఆయనది ఖరీదైన తొట్టి, బయట అమర్చే మూతబిగించిన డబ్బా ఫిల్టరు. ఆయన చేపలు అయిదు రోజులూ ఎలాగో నెట్టుకొచ్చాయి. ఆరో రోజున కరెంటు వచ్చింది. ఆయన సంతోషంతో స్విచ్చి వేశారు. డబ్బాలో ఇన్నాళ్లూ గాలి తగలక కుళ్లిన నీరంతా ఒక్కసారిగా తొట్టిలోకి వచ్చింది. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. తుపానుకు చావనివి కరెంటు వచ్చాక చచ్చాయి! డబ్బా విప్పి, ఆ నీరు పారబోసి, లోపలి స్పాంజిని తొట్టినుంచి తీసిన నీళ్లతో కడిగాక స్విచ్చి వేయాలని ఆయనకు అమ్మినవాడు చెప్పలేదు, ఆయన అడగలేదు.

అంచేత నా అభిప్రాయమిది. మోటారు ఆగితే తెల్లవారేసరికి ప్రాణంమీదికి వచ్చేటన్ని చేపలను తొట్టిలో నింపడం పెంపకం కాదు, ఆక్సిజన్ గొట్టంమీద రోగిని ఉంచడం. నిలకడనీటిలో ఒక రాత్రి బతకగలిగినన్ని చేపలే ఆ తొట్టికి లెక్క. చూపరులకు తొట్టి కాస్త బోసిగా కనిపించవచ్చు. కనిపించనివ్వండి.

సంఘం పెద్దలకు నేను కోరేది మూడే. తొట్టి వెడల్పుగా ఉండాలి, చేపలు తక్కువగా ఉండాలి. పక్కన బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి, దానిమీద నమ్మకం లేక చెంబొకటి ఉంచాలి. మూడవది అన్నిటికంటె ముఖ్యం: కరెంటు లేని రాత్రి, సెలవుల్లో సైతం, ఎవరి వంతు ఎప్పుడో హాస్టలు నోటీసు బోర్డులో పేర్లు రాసి పెట్టాలి. ఎన్నికల్లో గెలిచినవారి పేర్లు మొదట ఉంటే శోభగా ఉంటుంది. ఆ పట్టికలో పూర్వ విద్యార్థులకు చోటుంటే, తెల్లవారుజాము నాలుగింటి వంతు నాకు రాయండి. ఆ వేళ నాకు అలవాటే.