ఒక్క చెవే పోతా ఉంటే ఊరుకోవద్దు

పోయిన నెల పింఛను సంగతి రాసినాను. ఈ నెల నా చెవి సంగతి.

మిల్లులో పని చేసినోళ్లకు చెవుడు కొత్త కాదు. లూమ్‌షెడ్డులో సద్దు 90 డెసిబెల్స్ దాటుతుంది. పెదాలు చూసి, చేతి సైగతో మాట్లాడుకున్నోళ్లం మనం. అందుకే నా ఎడమ చెవి తగ్గిపోతా ఉంటే మిల్లు చెవుడే అనుకున్నాను. చూపించిన చోట కూడా అదే మాట చెప్పి చుక్కల మందు ఇచ్చినారు. నాలుగేండ్లు గడిచిపోయినాయి. చెవిలో రాత్రి పగలు గుయ్యిమని సద్దు. చీకట్లో నడిస్తే తూలేవాణ్ణి. "తాగొచ్చినావా" అని మా ఇంటామె నవ్వేది.

ఆమీన ఇంకో డాక్టరమ్మ అడిగింది: "మిల్లు సద్దు రెండు చెవులకూ తగిలింది కదా పెద్దాయనా, ఒక చెవే ఎట్ల పోయింది?" ఈ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. చెవి పరీక్ష చేసినారు, ఎమ్మారై తీసినారు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ, 11 మిల్లీమీటర్లు. పేరు అకూస్టిక్ న్యూరోమా. కేన్సరు కాదు. లక్ష మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుందంట. చానా గడ్డలు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే పెరుగుతాయి. కొన్ని పెరగనే పెరగవు.

మూడు దోవలు చెప్పినారు. ఒకటి, ఆపరేషను. గడ్డ తీసేస్తారు గానీ ముఖాన్ని కదిలించే నరం దాని పక్కనే ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు. రెండు, గామా నైఫ్. పేరులో కత్తి ఉంది గానీ కోత లేదు. దాదాపు 200 సన్న కిరణాలను గడ్డ మీదికే గురి పెడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది. గడ్డ పోదు, నూటికి 90 మందికి పైగా పెరగడం నిలుస్తుంది. మూడు, ఏమీ చేయకుండా స్కాను తీసుకుంటా చూడటం. ఏ దోవలో పోయినా, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇంట్లో పంచాయితీ మొదలాయె. "తలలో గడ్డ పెట్టుకొని ఎట్ల నిద్ర పోతావు నాయనా, తీయించుకో" అని కూతురు ఏడ్చింది. "తల కోయించుకోవద్దు బావా" అని బాగేపల్లి నుంచి బావమరిది ఫోను. చింతామణిలో నా పాత షిఫ్టు జతగాడు ఉన్నాడు, ఆయనకూ ఇదే జబ్బు. పోయి చూసినాను. ముఖం ఒక పక్క జారింది, నీళ్లు తాగితే కారతాయి. భయమేసింది. ఆయనే చెప్పినాడు: "నాది మూడున్నర సెంటీమీటర్లు రా. మెదడును నొక్కుతా ఉండె. కోయకపోతే నేను లేను. నన్ను చూసి నువ్వు భయపడొద్దు, నన్ను చూసి నువ్వు కోయించుకోనూ వద్దు. నీ గడ్డ కొలత నువ్వు చూసుకో."

ఆ మాటతో తేల్చుకున్నాను. నాది చిన్నది, వయసు అరవై దాటింది, మెదడును నొక్కడం లేదు. చూస్తామని డాక్టర్లతో చెప్పినాను. ఏడాదిలో 2 మిల్లీమీటర్లు దాటి పెరిగితే గామా నైఫ్‌కు పోతానని కూతురికి మాటిచ్చినాను. రెండో స్కాను 12 చూపించింది. అంత తేడా కొలతలోనే రావచ్చు, ఇంకోటి చూద్దామన్నారు. గడ్డ పెరగకపోయినా వినికిడి తగ్గొచ్చని కూడా చెప్పినారు, తగ్గుతా ఉంది. మనవరాలు ఇప్పుడు కుడిపక్కనే కూర్చుంటుంది.

చూడటం అంటే మరిచిపోవడం కాదు. స్కాను తేదీ గోడ క్యాలెండరులో గుండ్రంగా గీసి పెట్టినాను. బస్సు చార్జీ, కూలి పోతుందని ఆ తేదీ దాటేస్తే, అది వైద్యం కాదు, మొండితనం.

ఈ రోజే ఫోను ఒక చెవిలో, ఆమీన ఇంకో చెవిలో పెట్టి వినండి. ఒక పక్కే తగ్గిందంటే మిల్లు మీదికి నెట్టొద్దు. రెండు చెవులకూ పరీక్ష చేయమని అడగండి. వచ్చే నెల కలుద్దాం.