రెండు బాయిల లెక్క

సింగరేణి ప్రాంతపు వాడుకలో ‘బాయి’ అన్న మాటకు రెండర్థాలున్నవి. నీరు తోడుకొనేదీ బాయియే, బొగ్గు తవ్వుకొనేదీ బాయియే. ‘బాయికి పోయిండు’ అంటే ఆ మనిషి చేను దగ్గరి మోటబావికి వెళ్ళినాడో, నెత్తిన లైటు పెట్టుకొని భూగర్భంలోకి దిగినాడో సందర్భాన్ని బట్టి గ్రహించవలసినదే. ఒక బాయి లోతయ్యేకొద్దీ రెండవది ఎండుతున్నదా అన్నదే మేమిక్కడ విచారింపదలచిన విషయం.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గును కనుగొన్నాడు. ఆ తరువాత మొదలైన తవ్వకం నేటికీ ఆగలేదు. అది ఎన్ని ఇళ్ళకు అన్నం పెట్టినదో మేము ఎరుగుదుము. కనుక గనులు మూయవలెనని వాదించుటకు ఈ వ్యాసం వ్రాయడంలేదు.

గోదావరి లోయ బొగ్గుపొరలు గోండ్వానా ఇసుకరాళ్ళ నడుమ ఉన్నవి. ఆ రాయి తన సందులలో నీటిని దాచుకొనే రాయి. గని నీటిమట్టానికి దిగువకు పోగానే చుట్టూ ఉన్న నీరు అందులోకి ఊరుతుంది. దానిని పంపులతో తోడనిదే పని సాగదు. తోడినకొద్దీ చుట్టుపక్కల నీటిమట్టం గరాటువలె కుంగుతుంది. ఆ గరాటు అంచు ఏ ఊరి బావిదాకా వచ్చినదన్నదే అసలు ప్రశ్న. భూగర్భ గనుల పైకప్పు కూలినచోట నేల పగిలి చెరువునీరు కిందికి జారవచ్చును. ఓపెన్ కాస్టులలోనైతే వాగుల దారి మళ్ళింపబడుతుంది. గుట్టలుగా పోసిన మట్టి వానకు కొట్టుకొనివచ్చి చెరువు శిఖంలో మేట వేస్తుంది.

మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ. గాలీ నీరూ సోకి అది ఆమ్లమై జయంతియా కొండల వాగులలో చేపలు బ్రతుకకుండా చేసినది. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియ గనులను నిషేధించినది. మన బొగ్గులో గంధకం తక్కువ గనుక అంత ఉపద్రవం లేదు. అయినా నీటిలో కాఠిన్యము, సల్ఫేటు పెరిగే అవకాశం లేకపోలేదు. తాగునీటిలో సల్ఫేటు లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదనీ, గత్యంతరం లేనిచోట 400 వరకు సహింపవచ్చుననీ భారతీయ ప్రమాణం.

బావి ఎండగానే గనిని నిందించడం కూడ న్యాయం కాదు. వాన తప్పవచ్చు, పక్క చేనిలో నాలుగు బోర్లు పడవచ్చు. గనికి దూరంగా, అదే వాన కురిసే ఊరిలోని బావితో పోల్చిచూస్తేగాని నిజం తేలదు. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి, ఏటేటా కొలవవలెను. కాని అనుమతికి ముందు జరిగే పరిశీలనకు సాధారణంగా వానాకాలం కాని ఒక్క ఋతువు లెక్కలే చాలునంటారు. ఇది మాకు సమ్మతం కాదు. ఒక్క ఋతువును చూచి బావి స్వభావం చెప్పడం, ఒక్క పరీక్షతో విద్యార్థి భవిష్యత్తు చెప్పడం వంటిదే. (ఈ రెండవది మేమూ చేస్తున్నామని ఒప్పుకొనక తప్పదు.)

తోడిన గని నీటిని చెరువులకు వదలడం మంచి పని. కొన్నిచోట్ల అది జరుగుతున్నది కూడ. అయితే గని మూసిననాడు పంపు ఆగుతుంది, చెరువుకు ఆ నీరూ ఆగుతుంది. అప్పటికి పూర్వపు బావులు పూడిపోయి ఉంటే ఊరు దేనిని నమ్ముకొనవలెను?

బహిరంగ విచారణకు ముందు నివేదిక సంగ్రహం తెలుగులో వస్తుంది. గని నడిచే కాలంలో 2006 నాటి ప్రకటన ప్రకారం ఆరు నెలలకొకసారి సమర్పించవలసిన నివేదికలు మాత్రం సామాన్యంగా ఇంగ్లీషులోనే ఉంటవి. తెలుగు, ఉర్దూ రెండూ బోధించే కళాశాల మనది. ఆ అంకెలను రెండు భాషలలోకి తెచ్చి పంచాయతీ గోడకు అంటించడం మన విద్యార్థులకు మించిన పని కాదు. నీటి కాఠిన్యాన్ని కొలిచే బ్యూరెట్లు మన రసాయనశాల బీరువాలోనే ఉన్నవి. సెలవులకు స్వగ్రామం పోయే ప్రతి విద్యార్థి ఒక తాడుకు రాయి కట్టి తమ బావిలోనికి వదలి, నీటిదాకా ఎన్ని మూరలు దిగినదో వ్రాసుకొని రావలెను. కమిటీవారు అందుకొక గట్టి అట్ట రిజిస్టరు ఇప్పించవలెనని మా మనవి.