స్లాబుపై సోలార్ పెడుతున్నారా? ముందు కారుడు సంగతి చూడండి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో మీది ఆర్‌సీసీ స్లాబు ఇల్లయితే, పీఎం సూర్యఘర్ పథకానికి అది అనువైనదే. 2024లో మొదలైన ఈ పథకంలో ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడు, ఆపైన రూ.78 వేలు కేంద్ర రాయితీ వస్తుంది. మూడు కిలోవాట్లకు నీడ పడని చోటు సుమారు 300 చదరపు అడుగులు కావాలి.

అయితే ఈ రాయితీ సోలార్ ప్లాంటుకే. స్లాబు మరమ్మతు ఖర్చు మీదే. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. బిగించాక స్లాబు కారితే వాటిని విప్పి, మళ్లీ బిగించాలి. ఆ ఖర్చు అదనం.

అందుకే దరఖాస్తుకు ముందే ఇవి చూసుకోండి:

- నీరు పోయే గొట్టాలు మూసి, స్లాబుపై అంగుళం నీరు ఒక రోజు నిలపండి. కింద చెమ్మ కనిపిస్తే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి.
- పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు ఉండాలి. పిట్టగోడ మొదట్లో పగుళ్లు పూడ్చాలి.
- స్లాబుకు రంధ్రాలు వేయకుండా కాంక్రీటు దిమ్మెలపై ఫ్రేమ్ నిలపవచ్చా అని అడగండి. పాత ఇల్లయితే ఆ బరువు మోస్తుందో లేదో ఇంజినీరుకు చూపించండి.
- పథకం కింద విక్రేత ఐదేళ్లు నిర్వహణ చూడాలి. బోల్టుల దగ్గర కారినా బాధ్యత తనదేనని ఒప్పందంలో రాయించుకోండి.

బిగించాక కూడా ఏటా జూన్‌లోపు ఒకసారి, అక్టోబరు తుపాను వానలకు ముందు మరోసారి గొట్టాల్లో ఆకులు, మట్టి తీయించండి. ప్యానెళ్ల కింద చెత్త చేరితే నీరు నిలిచేది అక్కడే.